చెంబు అడుగున మిగిలిన అంబలి

దమయంతి డాక్టరమ్మ గారికి,

నా రాత బాగుండదు, తప్పులుంటాయి, క్షమించండి. నేను చదివింది నాలుగో తరగతి వరకే. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. కాగితం చోడిపిండి (మీ రాగిపిండే) సంచిది. అందుకే అక్కడక్కడ సిరా పాకింది. పెద్దవాళ్లకు ఉత్తరం రాయడం నాకు ఇదే మొదలు.

"జరిగింది జరిగినట్టు, ఏ రోజుది ఆ రోజుగా రాసి పంపమ్మా, చేత్తో రాస్తే మరీ మంచిది" అన్నారు మీరు. కొత్తగా అల్లి రాసే తెలివి నాకు లేదు. నేను పనిచేసే మెట్ల గది పుస్తకం వెనక పేజీల్లో నా కోసం రాసుకున్నవే ఎత్తి రాస్తున్నాను. మీకు తెలియనివి ఉంటాయి కనుక మధ్యలో కాస్త కలిపాను.

పోటీకి 58 రోజులు

పైకి వెళ్లినవారు పదకొండు మంది. దిగినవారు పదకొండు మంది. చెంబు రెండుసార్లు కడిగాను.

నా పని ఇదే. మా ఇళ్లన్నీ ఆకాశంలో తిరిగే ఈ చక్రం అంచున, బరువు వీధిలో ఉంటాయి. నడుమ ఇరుసు దగ్గర తేలిక గది ఉంది. నిచ్చెన ఎక్కేకొద్దీ ఒంటి బరువు తగ్గిపోతుంది. దిగేటప్పుడు ఆ బరువంతా ఒక్కసారి మీద పడి కళ్లు తిరుగుతాయి. అందుకని దిగినవాళ్లు మెట్ల గదిలో బల్ల మీద అరగంట కూర్చుని చోడి అంబలి తాగి వెళ్లాలి. అందరికీ ఒకటే చెంబు, ఎంగిలి చేయకుండా ఎత్తి తాగాలి. మా దగ్గర ధార తిన్నగా పడదు, చక్రం తిరుగుతుంది కనుక కాస్త పక్కకు వంగుతుంది. కొత్తవాళ్లు చెంప మీద పోసుకుంటారు. ఇక్కడ పుట్టిన పిల్లలు నోరే పక్కకు జరిపి ఒక చుక్క పోకుండా తాగుతారు.

ఇవాళ జిమ్నాస్టిక్స్ పిల్లలు ఎనిమిది మంది వచ్చారు. వాళ్లు వస్తే నాకు భయం, సంతోషం రెండూ. పెళ్లయి పది నెలలే కదా, నన్ను ఆట పట్టిస్తారు.

"వదినా, మీ ఆయన పేరు సెప్పు. సెప్తే చెంబు ఖాళీ సేసేస్తాం."

"సెప్పదే. నోట్లో ముత్యాలున్నాయి."

"పేరు సెప్తే ఆయన ఎగిరి తేలిక గదిలో పడిపోతాడని బయ్యమేమో!"

నేను తల వంచుకుని అంబలి పోశాను. వాళ్లలో మా ఆడపడుచు పైడి ఉంది. పన్నెండేళ్లు. ఉత్తర చక్రంతో పోటీకి ఎంపికైన ఐదుగురిలో అదే చిన్నది. చెంబు ఎత్తి రెండు గుక్కలు తాగి ఇచ్చేసింది. అడుగున గుక్కెడు మిగిలింది.

"అదేటి, మిగిల్చినావు?"

"కడుపు నిండిపోనాది వదినా."

పొద్దున్న కూడా అది సరిగ్గా తినలేదు. కడుపు దేనితో నిండిందో.

పోటీకి 55 రోజులు

పైడి మళ్లీ మిగిల్చింది. నిన్నా మొన్నా కూడా. ఇవాళ మరో ఇద్దరు అమ్మాయిలు, గంగ, రాములు కూడా మిగిల్చారు. పుస్తకంలో వాళ్ల పేర్ల పక్కన చుక్క పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. నేను పుట్టిన చిన్న చక్రంలో మా అమ్మ అలాగే చేసేది. అర్థం కానిదాని పక్కన చుక్క పెట్టమనేది.

పోటీకి 52 రోజులు

గంగ నడుం పట్టిందని జిమ్నాస్టిక్స్ నేర్పే సన్నిబాబు మాస్టారితో చెప్పింది. మాస్టారు కోప్పడలేదు. ఆయన మంచివాడు. పిల్లల కాళ్లకు తనే నూనె రాస్తాడు. "తేలిక పూట తీసుకోమ్మా" అన్నాడు.

ఇది మా పెద్దల నాటి వైద్యం. ఒళ్లు నొప్పి అన్నవాళ్లను ఒక పూట తేలిక గదికి పంపుతారు. బరువు పోతే నొప్పి పోతుంది. నిజంగానే పోతుంది. గంగ పాట పాడుకుంటూ నిచ్చెన దిగింది. అంబలి మాత్రం మిగిల్చింది.

పోటీకి 49 రోజులు

ఇది రాయకూడదు. రాస్తున్నాను.

బట్టలు ఉతుకుతుంటే పైడి చొక్కా లోపల పొడవాటి గుడ్డ పేలిక దొరికింది. నడుముకు బిగించి కట్టుకున్న ముడతలు దాని మీద ఉన్నాయి. జడ వేసేటప్పుడు అడిగాను. పీట మీద కూర్చోమంటే అది నిలబడే జడ వేయించుకుంటుంది. పొడుగవుతున్నాను, నిలబడితేనే నీకు అందుతుంది అనేది. నేను నమ్మాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"గాలి పండగ ముందు నుంచి." అంటే నాలుగు నెలలు.

"అత్తకి సెప్పొద్దా?"

పైడి గిర్రున తిరిగింది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. "సెప్తే అమ్మ ఏటంటాదో నీకెరికే. బద్దకం అంటాది. మాస్టారు నన్ను తీసేస్తే ఐదుగురు నలుగురైపోతారు, మిగతా ముగ్గురికీ ఈడు సాలదు. నలుగురితో పోటీకి రానియ్యరు. నా వల్ల అందరూ ఆగిపోతారు. ఒట్టెయ్యి వదినా. నా నెత్తి మీద సెయ్యెట్టి ఒట్టెయ్యి."

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఎవరి కళ్లలో నీళ్లు చూసినా నోరు పడిపోతుంది. ఒట్టేశాను.

ఆ రోజు నుంచి బల్ల దగ్గర దానికి చెంబు బదులు గ్లాసు ఇచ్చాను. గ్లాసు అయితే ఎత్తి తాగక్కర్లేదు, వెనక్కి వంగక్కర్లేదు. దాచిపెట్టడానికి నేనే సాయం చేశాను డాక్టరమ్మా. ఆ మాట మీతో మాట్లాడినప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

పోటీకి 42 రోజులు

గ్లాసులు నాలుగు కడిగాను. పైడిది, దాన్ని చూసి గ్లాసే అడిగిన గంగది, రాములుది. నాలుగోది అత్తది. పైనున్న మొక్కల గదిలో పనికి అత్త రోజూ వెళ్లి వస్తుంది. ఆమెది మొదటి నుంచీ గ్లాసే. పెద్దరికం అనుకున్నాను. కాపురానికి వచ్చిన కొత్తలో ఇంట్లో నేను చెంబు అందిస్తే "గలాసు నేదేటి ఈ ఇంట్లో?" అని విసుక్కుంది. నాకు మర్యాద తెలియదని సిగ్గుపడ్డాను.

పోటీకి 37 రోజులు

ఏటా చేయించే ఎముక పరీక్ష ముందుకు జరిపించి పైడిని తీసుకెళ్లాను. ఎముక అద్దం అనే యంత్రం కింద పడుకోబెడితే అది పచ్చదీపం వెలిగించి "ఎముక మందం బాగుంది" అంది. చక్రంలో ఉండేవాళ్లకు ఎముకలు పలచబడతాయని భయం. అందుకే అది చూసేది మందం ఒక్కటే.

అత్తకు ఆ మాట తెలిసింది. "సూసినావా? అద్దం అబద్దమాడదు. గుంట పనికి ఎగనామం పెడతన్నాది. నువ్వు ఎనకేసుకొస్తన్నావు."

నేను పప్పు పోపు మాడ్చాను. దానికి కూడా తిట్టింది.

పోటీకి 34 రోజులు

బరువు వీధి ఆటగదిలో పైడి వెనక్కి వంగి చేతులు నేల మీద ఆనించి, అక్కడి నుంచి లేవలేకపోయింది. మాస్టారు, గంగ కలిసి పక్కకు దొర్లించారట. మాస్టారు మూడు తేలిక పూటలు రాసిచ్చాడు.

పోటీకి 31 రోజులు

నిన్నటితో మూడు పూటలూ అయ్యాయి. పైడి నవ్వుతూ దిగింది. "నొప్పి నేదు వదినా! పువ్వులాగున్నాది."

"పైన ఏటి సేసినావు?"

"వెనక పిల్లిమొగ్గలు. కింద నలబై ఎయ్యగలం. పైన అలుపే రాదు, పూటకి రెండొందలు. మాస్టారు లెక్కెట్టినాడు."

మూడు పూటలకు ఆరు వందలు.

ఇవాళ పొద్దున అది వంగి చెప్పు తొడుక్కోలేకపోయింది. నేను తొడిగాను. పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. ఎవరి పేరు పక్కన చుక్కలు ఎక్కువున్నాయో వాళ్లకే తేలిక పూటలు ఎక్కువున్నాయి. ఎవరైనా అది చూసి ఏమనుకుంటారు? నొప్పి ఉంది కనుక పూటలు ఇచ్చారు అనుకుంటారు. నేనూ అంతే అనుకున్నాను. కానీ చుక్కలు పూటకు ముందు ఒకటి ఉంటే పూట తర్వాత మూడు ఉన్నాయి. ప్రతిసారీ అంతే. మందు వేసిన ప్రతిసారీ జబ్బు పెరిగితే అది మందెలా అవుతుంది?

ఈ మాట ఎవరితో అనాలి? మాస్టారు మగవాడు, పైగా పెద్దవాడు. నేను ఆయన ఎదుట ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు.

పోటీకి 30 రోజులు

పరీక్ష గది గోడ మీద వెలిసిపోయిన కాగితం ఒకటి ఉంది. "ఎముకల సందేహాలకు" అని రాసి కింద మీ పేరు, భూమి మీద మీ ఊరు. అద్దం ఎప్పుడూ పచ్చదీపమే చూపిస్తుంది కనుక ఎవరూ మిమ్మల్ని పిలవలేదట.

భూమితో గాని, వేరే చక్రంతో గాని మాట్లాడాలంటే మాట గదిలో వంతు రావాలి. నా వంతు ఎల్లుండి. అది పుట్టింటి మాట. కొత్త కోడలికి ఏడాదికి ఒక్కసారి పది నిమిషాలు ఇస్తారు. మా అమ్మ చిన్న చక్రంలో ఒక్కతే ఉంటుంది. పది నెలలుగా ఆ పది నిమిషాల కోసం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటోంది.

ఆయనతో చెప్పాను. (ఆయన పేరు రాయను.) ఆయన గాలి గొట్టాలు బాగుచేసే పనిముట్లు తుడుచుకుంటున్నాడు.

"మీ యమ్మ ఎదురు సూస్తాది గదా."

"సూస్తాది."

"మరి?"

"పైడి నడుం" అన్నాను.

ఆయన తుడిచిందే మళ్లీ తుడిచాడు. తర్వాత, "నానొచ్చి మాట గది గుమ్మం కాడ నిలబడతాను. ఎవులైనా ఏటైనా అంటే నాతో అనమను" అన్నాడు. ఇంతకన్నా పెద్ద మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు.

పోటీకి 28 రోజులు

మీరు అన్నవి మీకే రాస్తున్నాను. నేను సరిగ్గా విన్నానో లేదో చూసుకోండి.

మాట గది చూసుకునే పెద్దాయన "పుట్టింటికేనా అమ్మా?" అన్నాడు. కాదు అనడానికి నాకు ఒక నిమిషం పోయింది. దూరం వల్ల మాటకూ మాటకూ నడుమ మూడు గుక్కల సేపు ఆగాలి.

మీరు ముందు నా పేరు అడిగారు. అసిరమ్మ అన్నాను. "భయపడకు అసిరమ్మా. పిల్ల నొప్పి ఎక్కడో చూపించమంటే అరచేయి వేసి చూపిస్తుందా, ఒక వేలితో చూపిస్తుందా?"

"ఒక వేలితో. ఎడం పక్క."

"ముందుకు వంగితే ఎక్కువా, వెనక్కి వంగితే ఎక్కువా?"

"వెనక్కి. అంబలి ఎత్తి తాగలేదు. అడుగున గుక్కెడు మిగులుస్తాది."

మూడు గుక్కలు దాటాక కూడా మీ మాట రాలేదు. లైను తెగిందనుకున్నాను. అప్పుడు మీరు, "ముప్పై ఐదేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇంత బాగా ఎవరూ చెప్పలేదు" అన్నారు. డాక్టరమ్మా, నా జన్మలో నన్ను ఎవరూ అలా అనలేదు. అందుకే మధ్యలో ఏడుపు వచ్చింది. లైనులో గరగర కాదు అది.

తేలిక పూట సంగతి చెప్పాను. మీరు అన్నారు: "బరువు తగ్గింది గాని వంపు తగ్గలేదు కదమ్మా. సన్న తీగను అటూ ఇటూ వంచుతూ పోతే విరుగుతుంది. దానికి బరువెందుకు? పైన నొప్పి తెలియదు, అలుపు రాదు. అందుకే ఇంకా ఎక్కువసార్లు వంచుతున్నారు." ఎదిగే పిల్లల వెన్నుపూస వెనక సన్నటి ఎముక ఉంటుందని, వెనక్కి వంగి వంగి అది చిట్లుతుందని, భూమి మీద జిమ్నాస్టిక్స్ పిల్లలకు కూడా ఇది వస్తుందని చెప్పారు. పిల్ల బద్ధకం కాదన్నారు. ఇప్పుడు ఆపితే అతుక్కునే వీలు చాలా ఉందన్నారు. ఆపకపోతే ఎముక జారుతుందన్నారు.

"అద్దాన్ని మందం అడగొద్దు. పక్కకు పడుకోబెట్టి పగులు చూడమని అడుగు."

పది నిమిషాలు అయిపోయాయి. మీరు మీ వైపు నుంచి ఇంకో పది అడిగి ఇప్పించారు. అప్పుడు అడిగారు, ఇది ఎవరి వంతు అని. అబద్ధం చెప్పడం చేతకాక పుట్టింటి మాట అని చెప్పేశాను.

పోటీకి 27 రోజులు

పైడిని ఒంటికాలి మీద నిలబెట్టి, నేను పట్టుకుని, మీరు చెప్పినట్టు మెల్లగా వెనక్కి వంగమన్నాను. వంగకముందే నా చేయి గిల్లేసింది. ఆపేశాను. పరీక్ష గదికి తీసుకెళ్లి పక్కకు పడుకోబెట్టి, "పగులు చూడు" అని అద్దాన్ని అడిగాను. యంత్రంతో మాట్లాడటానికి నాకు సిగ్గుండదు.

ఎర్రదీపం వెలిగింది. అద్దం ఎముక బొమ్మ అచ్చు తీసి ఇచ్చింది. చివరి పూసలో, ఎడం పక్కన, వెంట్రుకంత గీత.

పైడి ఆ బొమ్మను చూసింది. ముందు దాని మొహంలో నవ్వు వచ్చింది. "నిజంగానే ఉన్నాది. నాను బద్దకం కాదు" అంది. తర్వాత దానికి మిగతాది తోచింది. "ఎవులికీ సెప్పవు గదా? ఒట్టేసినావు."

"సెప్తాను" అన్నాను.

అది నా వైపు చూడకుండా చెప్పులు తనే తొడుక్కోవాలని చూసింది. తొడుక్కోలేకపోయింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. వట్టి కాళ్లతో ఇంటికి నడిచింది. దాని వెనక చెప్పులు పట్టుకుని నేను నడిచాను.

పోటీకి 26 రోజులు

అత్త బొమ్మను చూడనంది. "మేం సెయ్యనేదేటి? మాకు నొప్పులు నేవేటి? నేటి గుంటలకి ప్రతిదానికీ దీపాలు, బొమ్మలు!"

ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ధైర్యం. "అత్తా, నువ్వు చెంబు ఎత్తి ఎప్పుడు తాగినావు?" అన్నాను.

ఆయన కంచం ముందు అలాగే ఉండిపోయాడు. అత్త కొట్టేస్తుందనుకున్నాను. కొట్టలేదు. లేచి చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లింది. ఎటు వెళ్లిందా అని వెనక పడ్డాను. పరీక్ష గదికి.

"నాకూ అడుగు" అంది. పక్కకు తిరిగి పడుకుంది. పడుకోవడానికే చాలాసేపు పట్టింది.

అద్దం చూపించింది మీకు బొమ్మ పంపాను కదా. రెండు పక్కలా పాత పగుళ్లు, పూస ముందుకు జారి ఉంది. ఎన్నేళ్లదని అడిగితే ముప్పై పైన అంది.

అత్తకు పదమూడేళ్లప్పుడు ఉత్తర చక్రంలో పోటీ. నాకు ఇది తెలియదు, ఆ బల్ల మీద పడుకునే చెప్పింది. ఆఖరి పిల్లిమొగ్గ ముందు నడుంలో కత్తి దిగినట్టయిందట. ఆగిపోయిందట. అందరూ చూస్తుండగా గీత దాటి బయటకు వచ్చేసిందట. భయపడిందన్నారు. ఆమె నాన్న, అప్పటి మాస్టారు, తోటి పిల్లలు అందరూ. అత్త పేరు సూరీడమ్మ కదా, పిరికి సూరీడు అని వీధిలో పిలిచేవారట. "నాను గూడా అదే అనుకున్నాను కోడలా. నిజంగా బయ్యమేనేమో, నొప్పి వంక పెట్టినానేమో అని. ముప్పై ఏళ్లు." తర్వాత పైకప్పు చూస్తూ, "బయ్యం కాదు" అంది. మళ్లీ ఒకసారి, "బయ్యం కాదంట."

ఏడుస్తున్న ఆమె చేయి పట్టుకోవాలో వద్దో తెలియక పక్కన నిలబడ్డాను. ఆమే పట్టుకుంది.

పోటీకి 25 రోజులు

అత్త ముందు, వెనక నేను. ఆటగదికి వెళ్లాం. సన్నిబాబు మాస్టారు పిల్లలకు కొలతలు తీస్తున్నాడు. అత్తా ఆయనా ఒక ఈడు వాళ్లు, ఒకప్పుడు కలిసి నేర్చుకున్నవాళ్లు.

"సన్నిబాబూ, పోటీ మానేయాల."

"ఏటి సూరీడమ్మా, ఇన్నాళ్లకి నీ కూతురు నీ పరువు నిలబెడతంటే—"

అత్త రెండు బొమ్మలు ఆయన ముందు పెట్టింది. "ఇది దానిది. ఇది నాది. దాన్ని ఇలాగ సెయ్యకు."

మాస్టారు రెండోదాన్నే చాలాసేపు చూశాడు. "కానీ తేలిక పూటలు ఇచ్చినాను గదా. నొప్పన్న ప్రతిసారీ ఇచ్చినాను" అన్నాడు. ఆ గొంతు వింటే నాకే జాలేసింది. అప్పుడు అత్త నన్ను ముందుకు తోసింది. "సెప్పు. నీ పుస్తకం సూపించు."

చుక్కలు చూపించాను. తీగ సంగతి చెప్పాను. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే మాస్టారు వంగి వినాల్సి వచ్చింది. కానీ మొత్తం చెప్పాను.

మాస్టారు లెక్క పుస్తకం తీసి, పూటకు రెండు వందలని తన చేత్తో తను రాసుకున్న చోట వేలు పెట్టి కూర్చున్నాడు. తర్వాత ఎనిమిది మందినీ వరుసగా పరీక్ష గదికి నడిపించాడు. పైడి, గంగ, రాములు, ముగ్గురికి గీతలున్నాయి. రాములుది రెండు పక్కలా.

పోటీకి 21 రోజులు

మాట గది ఆయన ఇంటికి వచ్చి నన్ను పిలిచాడు. భూమి నుంచి వంతు వచ్చిందన్నాడు. మీరేమో అనుకుని పుస్తకం పట్టుకుని పరిగెత్తాను. అవతల మా అమ్మ.

"ఓలే అసిరీ! భూమ్మీద డాక్టరమ్మంట, నాతో మాట్లాడినాదే! నీ కూతురు ఒక పిల్ల నడుం కాపాడినాది, దాని వంతు నీకు నేను బాకీ అన్నాదే!"

అమ్మ ఏడ్చింది, నేను ఏడ్చాను. నడుమ మూడు గుక్కల ఖాళీ కనుక ఒకరి ఏడుపు ఒకరికి అడ్డం రాలేదు. డాక్టరమ్మా, మీకు నేను ఏమవుతానని మీ వంతు మాకిచ్చారు?

పోటీ రోజు

మన వాళ్లు వెళ్లలేదు. కప్పు ఉత్తర చక్రానికే ఇచ్చేశారు. వీధిలో కొందరు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. పైడి గోడ వైపు తిరిగి పడుకుంది. ఒట్టు తప్పిన నాటి నుంచి నాతో ఒక్క మాట లేదు. జడ అత్త చేత వేయించుకుంటోంది. మీరు చెప్పిన నడుం పట్టీ కట్టుకుంటోంది, పొట్ట గట్టిపడే కసరత్తులు చేస్తోంది, వెనక్కి వంగడం లేదు. అన్నీ చేస్తోంది. నాతో తప్ప.

సాయంత్రం ఉత్తర చక్రం నుంచి కబురు. ఎందుకు రాలేదని. మాస్టారు దాచలేదు. మా తప్పు ఇదీ అని పూసగుచ్చినట్టు చెప్పాడట.

పోటీ తర్వాత 9 రోజులు

ఉత్తర చక్రంలో కూడా పిల్లలను పక్కకు పడుకోబెట్టి చూశారట. నలుగురికి ఉన్నాయి. కప్పు తెచ్చుకున్న జట్టులో ఇద్దరు. వాళ్ల మాస్టారు మా మాస్టారికి థాంక్స్ చెప్పాడట. కప్పు వెనక్కి పంపుతామన్నాడట. మా మాస్టారు వద్దన్నాడు.

తేలిక పూట వైద్యం మా చక్రంలో తీసేశారు. నడుం నొప్పి అంటే ఇక నుంచి పైకి పంపరు. నా దగ్గరికి పంపుతారు, చెంబు ఎత్తి తాగించి చూడటానికి. నవ్వకండి. మాస్టారే అలా రాసి అంటించాడు.

పోటీ తర్వాత 12 రోజులు

పొద్దున పీట మీద కూర్చుని ఉంటే వెనక నుంచి ఎవరో దువ్వెన నా ఒళ్లోకి విసిరారు. పైడి.

"అమ్మ జడ లాగేస్తన్నాది. నొప్పెడతన్నాది" అంది. కూర్చుంది. పీట మీదే కూర్చుంది డాక్టరమ్మా.

రెండు పాయలు అల్లాక అదే అంది: "అమ్మ నాతో అంతా సెప్పినాది. అమ్మకి వదిన ఉండుంటే బాగున్ను."

పోటీ తర్వాత 83 రోజులు

అద్దం ముగ్గురినీ చూసింది. పైడి గీత అతుక్కుంది. గంగది కూడా. రాములుది ఒక పక్క అతుక్కుంది, రెండో పక్క ఇంకా సమయం పడుతుంది. రాములు బెంగ పెట్టుకోలేదు. చిన్న పిల్లలకు నేర్పే పని మాస్టారు దానికి ఇచ్చాడు. అత్తది ఇక అతకదు. కానీ మీరు చెప్పిన కసరత్తులు పైడితో కలిసి చేస్తోంది. నొప్పి సగానికి తగ్గిందంటోంది. తగ్గినా తగ్గకపోయినా వీధిలో తల ఎత్తి నడుస్తోంది. ఎదురైన ప్రతి ఒక్కరికీ తన బొమ్మ చూపిస్తోంది. ఆయన సిగ్గుపడి చస్తున్నాడు.

ఇవాళ పిల్లలంతా బల్ల మీద కూర్చున్నారు. గ్లాసు ఇవ్వబోతే పైడి తోసేసింది. చెంబు అందుకుంది. అందరూ చూస్తున్నారు. మెల్లగా ఎత్తింది. నోరు పక్కకు జరిపింది. ధార వంగి సరిగ్గా నోట్లో పడింది. అది తాగుతూనే ఉంది. ఆఖరి చుక్క దాకా. చెంబు బోర్లించి చూపించింది.

"ఖాళీ సేసినాను. ఇప్పుడు సెప్పు వదినా. మాటంటే మాటే."

పిల్లలంతా బల్ల మీద చరిచారు. మాస్టారు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. తలుపు అవతల పనిముట్ల చప్పుడు ఆగిపోయింది. ఆయన అక్కడే ఉన్నాడని నాకు తెలుసు.

చెప్పాను. గట్టిగానే చెప్పాను.

ఇక్కడ మాత్రం రాయను.

డాక్టరమ్మా, ఇదీ జరిగింది. మీకు ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు. సంచిలో సోలెడు చోడిపిండి కట్టి పంపుతున్నాను. అత్త తన చేత్తో వేయించి విసిరింది. పల్చగా కాచుకుని, చెంబు ఎత్తి తాగండి. మీ దగ్గర ధార తిన్నగా పడుతుందట, నోరు జరపకండి.

ఇంకొక్క మాట. నేను ఒట్టు తప్పిన సంగతి, గ్లాసు ఇచ్చి దాచిన సంగతి, అత్త పరీక్ష బల్ల మీద ఏడ్చిన సంగతి ఇందులో ఉన్నాయి. బొమ్మ అందరికీ చూపిస్తోంది గాని ఏడ్చానని మా చక్రాల్లో ఎవరికీ చెప్పొద్దని అత్త మాట తీసుకుంది. ఒకసారి మాట తప్పాను, ఇంకోసారి తప్పలేను. చదవడం అయ్యాక దీన్ని కాల్చేయండి. మా చక్రాల్లో నిప్పు వెలిగించకూడదు, వంటంతా కరెంటు పలక మీదే. నేను పుట్టాక మంట చూడలేదు. మీ ఇంట్లో పొయ్యి ఉందని చెప్పారు కదా, అందులో వేయండి. మొత్తం కాలిందాకా పక్కనే ఉండి చూడండి, ఒక్క ముక్క కూడా మిగల్చకండి.